లోపలి గోడల ఎస్టిమేటు

ఉన్నమాట చెబుతాను. ఆ ఏడు మా ఇంటికి రంగులు వేయించాలని నేను పట్టుబట్టింది గోడల మీద ప్రేమతో కాదు, మా బాపును నా దగ్గర ఉంచుకోవడానికి.

అమ్మ పోయాక ఆయన ఊళ్లో ఒక్కడే వండుకు తినేవాడు. మేముండే కల్వకుర్తి నుంచి అక్కడికి బస్సులో గంట. బళ్లో పాఠం చెబుతుంటే ఫోను మోగిందంటే చాలు, సుద్దముక్క పక్కన పెట్టి ఊరి నంబరేమోనని చూసుకునేదాన్ని. ఒక వానాకాలం ఆయన వాకిట్లో జారిపడ్డాడు. తుంటి పట్టేసింది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా మంచంలోనే పడి ఉన్నాడు. మూడో రోజు పక్కింటామె ఫోను చేస్తే పరుగెత్తాను. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. ఏం తిన్నావంటే "అటుకులు నానేసుకున్న" అన్నాడు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపుకు, తిట్టిన తిట్లకు వాడకట్టంతా వచ్చి నిలబడింది.

మా ఇంటికి నడువు అంటే ఒకటే మాట. "బిడ్డ ఇంట్ల కూసోని తింటరా ఎవలన్న? నలుగురు నవ్వుతరు. పనుంటే చెప్పు, వస్త. పనయినంక పోత."

డెబ్బై దాటి, కుంటుతూ నడిచే మనిషికి ఏం పని చెప్పను? ఆయనకు తెలిసిన పని సున్నం వేయడం. మాకు సెంటు భూమి లేదు. పెళ్లిళ్ల కాలంలో, దసరా ముందు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆయన కుంచె తగలని గోడ లేదు. మిగతా రోజులు కూలి. ఆ డబ్బులతోనే నన్ను టీచరు ట్రైనింగ్ దాకా చదివించాడు. అందుకే నాకు రంగుల ఉపాయం తోచింది. "మేస్త్రీలు మోసం చేస్తరు బాపూ. మేమిద్దరం పొద్దుగాల పోతే మాపటికి వస్తం, దగ్గరుండి సూసేటోళ్లు లేరు" అన్నాను.

"ఎప్పుడు రావాలె?" అన్నాడు వెంటనే.

ఇంటికి రంగుల అవసరం లేకపోలేదు. తెలంగాణ వచ్చి జీతాలు పెరిగాక, ఆ ధైర్యంతో బ్యాంకు లోను తీసుకుని కట్టుకున్న ఇల్లది. రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు, ముందు గ్రిల్లు వేసిన వరండా. ప్లాస్టరింగ్ అయ్యేసరికి చేతిలో పైసా మిగల్లేదు. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించి, ఆ సిమెంటు గోడల మధ్యనే సామాను దించేశాం. రెండేళ్లు అట్లాగే గడిచాయి. గోడకు ఆనుకుంటే వీపంతా బూడిదే. మా ఆయన బస్సు కండక్టరు. "నా ఖాకీ బట్టలకు ఏం ఫికర్ లేదు, నీ చీరలే నాశనమైతున్నయి" అని నవ్వేవాడు. మా గల్లీలో మా తర్వాత లేచిన ఇళ్లన్నీ చిలకాకుపచ్చ, వంకాయరంగు వేసుకుని కళకళలాడుతుంటే మాది ఎరువుల గోదాములా ఉండేది. ఒకసారి మా బడి టీచరమ్మ ఒకావిడ మా ఇంటి ముందు నుంచి పోతూ, "పని ఇంకా నడుస్తున్నదా? ఎప్పుడు దిగుతున్నరు?" అని అడిగింది. అప్పటికి మేం అందులో కాపురం పెట్టి రెండేళ్లు! ఒళ్లు మండిపోయింది నాకు.

నేను లెక్కల టీచర్ని. ఎస్టిమేటు వేయడం నాకొక లెక్కా అనుకున్నాను. ఇల్లు తొమ్మిది వందల అడుగులు. అడుగుకు రేటెంతో నలుగురిని అడిగి తెలుసుకుని, గుణించి, కాగితం మీద అందంగా రాసి, ఇరవై వేలలో అయిపోతుందని మా ఆయనకు చూపించాను. కోస్గి నుంచి వచ్చి కల్వకుర్తిలో స్థిరపడ్డ రంగుల మేస్త్రీ ఒకాయన ఉంటే ఆయన్ని పిలిచి ఆ కాగితం చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేడం, మీరు నేలకు రంగేపిస్తున్నరా?" అన్నాడు.

మా ఆయన కుర్చీలోంచి లేచి వరండాలోకి పోయి మరీ నవ్వాడు. వారం రోజులు ఏం మాట్లాడబోయినా "లెక్కల టీచరమ్మ చెప్తున్నది, ఇనుండ్రి" అనేవాడు. నిజమే మరి. తొమ్మిది వందలు నేల వైశాల్యం. రంగు గోడలకు, పైకప్పుకు. మేస్త్రీ టేపు పట్టుకుని కొలిస్తే లోపలే మూడు వేల అడుగులకు దగ్గరగా తేలింది. కిటికీలు, తలుపులు తీసెయ్యమని బేరమాడాను. "తీస్తం మేడం. కని వాటి అంచులు కొట్టే పని గోడకన్న ఎక్కువుంటది" అన్నాడు. పిల్లలకు ఎన్నేళ్లుగానో నాలుగు గోడల వైశాల్యం కట్టమని లెక్కలిస్తున్నాను. నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి గోడలే మరిచిపోయాను.

ఆ తర్వాత మేస్త్రీ దగ్గర నేను పాఠం నేర్చుకున్నాను. లోపలి గోడకు ముందు లప్పం పెట్టాలి. అంటే తెల్లటి పిండిని ముద్దగా కలిపి, రేకుతో రెండుసార్లు పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. దాని మీద ప్రైమరు, ఆ పైన రంగు రెండు కోట్లు. బయటి గోడలకు లప్పం ఉండదు గానీ ప్రైమరు, ఎండకూ వానకూ ఆగే రంగు రెండు కోట్లు, కర్రలు కట్టే ఖర్చు. సామాను, కూలి అన్నీ కలిపి లోపల అరవై వేలు, బయట నలభై వేలు. మొత్తం లక్ష.

నేను లక్ష రూపాయల చిట్టీ ఎత్తాను. పాటలో పన్నెండు వేలు పోయి ఎనభై ఎనిమిది చేతికొచ్చాయి. ఆ పన్నెండు వేల కోసం మొగుడూ పెళ్లాం ఎంత కొట్లాడుకున్నామో! వంటింట్లో లప్పం వద్దంటాడు ఆయన, పొగకు ఎట్లాగూ నల్లబడుతుందని. ఇంట్లో ఎక్కువసేపు నిలబడేది ఆ వంటింట్లోనే, అదీ నేను, దాన్నే తగ్గిస్తావా అని నేను. బెడ్‌రూముల్లో ఒక్క కోటు చాలంటాను నేను, అవి ఎవరు చూస్తారని. ఎవరూ చూడని చోట తగ్గించడం, చూసే చోట పెంచడం. లెక్క ఎటు తిప్పినా చివరికి అక్కడే వచ్చి ఆగేది. డబ్బు తక్కువైనప్పుడు మనిషి దేనికి సిగ్గుపడతాడో ఎస్టిమేటు కాగితంలో తెలిసిపోతుంది. మాది కూడా మా లోపాన్ని మాకే చూపిస్తోందని అప్పుడు నాకు తట్టలేదు.

బాపు వచ్చాడు. సంచిలో రెండు జతల బట్టలు, కాగితంలో చుట్టిన కుంచె. మేస్త్రీ అప్పటికే ఇంకో ఇంటి పని ఒప్పుకుని రేపూ మాపూ అంటూ తిప్పుతున్నాడు. నాకు లోపల సంతోషం, ఎన్ని రోజులు ఆలస్యమైతే బాపు అన్ని రోజులు ఉంటాడని. వచ్చిన పూటే ఆయన నులకమంచం వరండాలో వేసుకున్నాడు. "గాలి మంచిగొస్తుంది బిడ్డా" అన్నాడు. అన్నం పళ్లెం అక్కడికే ఇచ్చేదాన్ని. మెట్ల కింద ఉన్న బాత్రూమే వాడుకునేవాడు. బీడీ తాగే మనిషి, ఆయనకూ అక్కడే హాయి అనుకున్నాను. బడి నుంచి వచ్చి సాయంత్రం గేటు తీయగానే వరండాలో బాపు కనబడితే, ఆ పూట కూర మాడినా, పిల్లల పేపర్ల కట్ట తెచ్చుకున్నా, నాకు ఏ చిరాకూ ఉండేది కాదు.

వరండాలో కూర్చున్న మనిషికి ఇంట్లో మాటలు వినబడవా? పన్నెండు వేల పంచాయితీ అంతా ఆయన విన్నాడు. ప్రైమరు అంటే ఏమిటని నన్ను అడిగాడు. రంగు గోడను పట్టుకోవడానికి ముందు వేసే తెల్లటి పూత అని చెప్పాను.

"గంతేనా? తెల్లటి పూతకు గన్ని పైసలా!" అని నోరు నొక్కుకున్నాడు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇంటి వెనక గోడ, పక్క గోడ తెల్లగా మెరిసిపోతున్నాయి. స్టూలు మీద ఒక కాలు, కిటికీ గట్టు మీద ఒక కాలు పెట్టి, ఆ తుంటి నొప్పితోనే, పైన ఎక్కడో కుంచె ఆడిస్తున్నాడు మా బాపు. దిగు దిగు అని అరిచి, రెక్క పట్టుకుని దించాను. ఆయన మొహంలో మాత్రం పెళ్లికొడుకు కళ. బజారు నుంచి సున్నపు రాళ్లు తెచ్చి, నీళ్లలో ఉడకబెట్టి, నా పాత చీరముక్కలో వడగట్టి, తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపాడట. నాలుగు రోజుల నుంచీ ఆ ఏర్పాట్లే, మేం పోగానే మొదలుపెట్టి మేం వచ్చేలోపు దాచేసి.

"ప్రైమరు అయిపోయింది బిడ్డా. ఇంకో రెండు దిక్కులు ఏస్తే నీ పన్నెండు వేలు నీకు మిగులుతయి" అన్నాడు.

చెప్పొద్దూ, ఎంత బాగుందో ఆ గోడ! కుంచె వేసిన గీత ఒక్కటి కనబడలేదు. పొద్దు వంగే వెలుతురులో పాలమీగడలా ఉంది. నేనూ మురిసిపోయాను, లేదని ఎందుకనాలి? ఆ సాయంత్రం మా ఆయన బస్సు దిగి వచ్చాక ముగ్గురం పెరట్లో నిలబడి టీ తాగుతూ దాన్నే చూశాం.

రెండు రోజులకు మేస్త్రీ వచ్చాడు. వెనక్కి పోయి, గోడ మీద బొటనవేలితో రుద్ది, వేలు చూసుకుని, తల పట్టుకున్నాడు.

"ఎవలేసిన్రు మేడం గీ సున్నం?"

విషయం ఏమిటంటే, సున్నం మీద సున్నం ఎన్నేళ్లయినా నిలుస్తుంది. సున్నం మీద ఈ కొత్త రంగులు నిలవవు. ప్రైమరు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది. ఏడాది తిరక్కుండా రంగంతా అప్పడంలా పొక్కి ఊడిపోతుంది. కాబట్టి ఆ రెండు గోడల మీద సున్నమంతా సిమెంటు కనబడేదాకా గీకి, కడిగి, ఆరబెట్టాలి. "గీకుడుకే పద్నాలుగు వేలైతది" అన్నాడు.

బాపు అక్కడే నిలబడి ఉన్నాడు. "యాభయేండ్లు ఏసిన మేస్త్రీ. ఒక్క గోడ పొక్కు లేవలే" అన్నాడు మెల్లగా.

నాకు కోపం వస్తే నోటికి గేటు ఉండదు. అది మా ఇంట్లో అందరికీ తెలిసిందే. "నిన్ను సూడమన్నమా, చెయ్యమన్నమా?" అని అరిచాను. "పన్నెండు వేలు మిగిలిస్తనని పద్నాలుగు వేలు మీదికి తెచ్చినవు. నువ్వు చేసిన పనిని గిప్పుడు నేను పైసలిచ్చి గీకిపియ్యాలె!"

ఆ ఆఖరి మాట నోట్లోంచి వచ్చిన మరుక్షణమే వెనక్కి తీసుకోవాలనిపించింది. కూలి ఎగ్గొట్టినవాళ్లున్నారు, సగం కూలి ఇచ్చి పంపినవాళ్లున్నారు గానీ, ఆయన వేసిన గోడ బాగాలేదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అన్నది నేను. బాపు వెనక్కి తిరిగాడు. కుంచె కడిగి, నీళ్లు దులిపి, గ్రిల్లుకు ఆరేశాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున లేచేసరికి ఆయన సంచి సర్దుకుని గేటు పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "అల్లుడు లేస్తే బస్టాండు కాడ దింపమను" అన్నాడు. ముఖం ఎటో పెట్టుకుని అన్నాడు. నేను లోపలికి పోయి వంటింట్లో గిన్నెలు ఊరికే అటూ ఇటూ పెట్టాను. పోతే మళ్లీ రాడు. మళ్లీ ఆ పొయ్యి, ఆ అటుకులు, పక్కింటామె ఫోను. మాఫ్ చెయ్యి బాపూ అంటే అయిపోయేది. రెండు ముక్కలు. నా గొంతులోంచి రాలేదు. నాది ఆయన రక్తమే కదా, అంత తొందరగా దిగిరాదు.

అంతలో మేస్త్రీ వచ్చాడు. ఏదో ఒకటి తేల్చమని. గీకుడుతో కలిపితే బయటి ఖర్చు యాభై నాలుగు వేలు, లోపల అరవై. నా దగ్గర ఎనభై ఎనిమిది. రెండూ కావు. లోపలైనా చేయించాలి, బయటైనా చేయించాలి. మా ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చి "బయట చేపిద్దాం, నలుగురు సూసేది గదే" అన్నాడు. నా మనసూ అదే. ఎప్పుడు దిగుతున్నరు అని అడిగిన ఆ టీచరమ్మకు జవాబు చెప్పాలి కదా. బయటే అని మేస్త్రీతో అనబోతూ గేటు వైపు చూశాను. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు బాపు.

ఇంకేమీ తోచక, "పోతే పో గని, గీ లెక్క సూసి పో" అన్నాను. "మేస్త్రీ జెప్పింది సరిగ్గనే ఉన్నదా లేదా?"

పని గురించి అడిగితే కాదనడని నాకు తెలుసు. లేచాడు. సంచి మెట్టు మీద పెట్టి, రెండు చేతులూ బార్లా చాపి గోడ వెంట బారలు కొలుచుకుంటూ కుంటుతూ ఇల్లంతా చుట్టి వచ్చాడు. పెదాలు కదులుతున్నాయి. చదువు రాదు గానీ నోటి లెక్కలో నన్ను మించిన మనిషి.

"బయట ఇద్దరు మనుషులకు ఆరు రోజులు. గీకుడు మూడు రోజులు కాదు, రెండే. సున్నం పచ్చిగున్నప్పుడే తడిపి గీకితే జల్ది వస్తది. మేస్త్రీ, నువ్వు మూడువేలు ఎక్కువ జెప్పినవ్."

మేస్త్రీ నవ్వేసి, "నిజమే పెద్దమనిషీ" అన్నాడు. బాపు ముఖంలో కొంచెం వెలుగొచ్చింది.

"మరి లోపల?" అన్నాను.

బాపు తలుపు వైపు చూశాడు. "లోపల నాకెర్క లేదు బిడ్డా" అన్నాడు.

"గదేంది? గోడ గోడే కదా."

"గోడ గోడే. కని లోపల ఎన్ని గోడలుంటయో, ఎట్ల మళ్లుతయో నేనెన్నడు సూడలే. మాకు బయటి గోడలే ఇచ్చేటోళ్లు. లోపలికి రానియ్యకపోయేటోళ్లు. సున్నం కలిపి బకెట్ గడప బయట పెట్టేది, ఆళ్ల మనుషులు తీస్కపోయి ఏసుకునేటోళ్లు. బడి లోపల ఏసిన, చర్చి లోపల ఏసిన. గవి ఒక్కటే రూము. వండుకునే ఇల్లు, పండుకునే ఇల్లు లోపల ఎట్లుంటదో నాకేం తెలుసు?"

కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. బకెట్‌కు ఎన్ని రాళ్లు పడతాయో చెప్పినట్టు చెప్పాడు. మేస్త్రీ టేపును చేతిలో చుడుతూ నేల చూపులు చూశాడు. ఆ ఊళ్లలోని ఆ ఇళ్లన్నీ నాకు తెలుసు. పెళ్లిళ్లకు ముందు బాపు వెంట పోయి ఆ గోడల నీడన కూర్చుని అన్నం తిన్నదాన్ని. ఒక్కసారైనా నాకు ఆ ప్రశ్న రాలేదు, లోపల ఎవరు వేస్తారని.

"మరి నా ఇల్లు?" అన్నాను. "మూడు వారాలాయె నువ్వొచ్చి. నా ఇంట్ల లోపల సూడలేదా నువ్వు?"

"హాల్ల టీవీ దాక వచ్చిన గద" అన్నాడు.

టీవీ దాకా. అది తలుపుకు నాలుగడుగుల దూరం. నా సొంత ఇంట్లో మా బాపు నాలుగడుగులు లోపలికి వచ్చాడు, మూడు వారాల్లో. రమ్మని నేను అనలేదు. గాలి వస్తుందన్నాడు, సరే అన్నాను. పళ్లెం గడప దాటించి ఇచ్చాను, పూటపూటకూ, నా చేత్తోనే. ఆ పటేళ్లనూ దొరలనూ తిట్టడానికి నాకేం నోరుంది? సిగ్గుతో చచ్చిపోయాను.

"లోపల చెయ్యి మేస్త్రీ. బయట తర్వాత సూద్దాం" అన్నాను.

మా ఆయన నా ముఖం చూసి తలుపు బార్లా తీశాడు. నేను మేస్త్రీ చేతిలోంచి టేపు లాక్కుని, ఒక కొస బాపు చేతిలో పెట్టి, "పట్టు. నడువు లోపలికి, కొలుద్దాం" అన్నాను. ఆయన టేపు వదిలి నల్లా దగ్గరికి పోయాడు. కాళ్లు కడుక్కుంటున్నాడు.

"నా ఇంట్లకు రానీకె కాళ్లు కడుగుతవా!" అని మళ్లీ అరిచాను. ఈసారి అరుపులో ఏడుపే ఎక్కువ ఉంది.

"దుమ్మున్నయి బిడ్డా, గంతే. ఊకె లొల్లి చెయ్యకు" అన్నాడు.

వంటిల్లు కొలిచాం. మా బెడ్‌రూము కొలిచాం. ఒక్కో గది గడప దగ్గర ఆగుతాడు, నేను టేపు లాగుతాను, అప్పుడు అడుగు వేస్తాడు. కిటికీ రెక్కలు తెరిచి మూసి చూశాడు. గోడలోని అల్మారాలో చెయ్యి పెట్టి ఎంత లోతుందో చూశాడు. మూల తిరిగే చోట అరచేతితో తడిమి, "గిక్కడ ఇద్దరు మనుషులు పట్టరు, ఒక్కడే చెయ్యాలె. రేటు గందుకే ఎక్కువనా?" అని మేస్త్రీని అడిగాడు. వెనక బెడ్‌రూములోకి పోయాక అక్కడున్న బియ్యం బస్తాలు, పాత పేపర్ల కట్టలు చూసి నిలబడిపోయాడు.

"బస్తాలకు గింత పెద్ద రూమా బిడ్డా!" అన్నాడు.

మా ఆయన గబగబా ఒక బస్తా భుజానికెత్తుకుని వంటింట్లోకి నడిచాడు.

పని పదహారు రోజులు నడిచింది. లప్పం పెట్టేవాళ్ల వెనకే తిరిగి, రేకు ఎట్లా పట్టాలో రెండో రోజుకల్లా నేర్చుకున్నాడు బాపు. "గోడ మొకానికి స్నో రాసినట్టున్నది" అని మేస్త్రీని ఆటపట్టించేవాడు. ఆ వెనక గదికి రంగు ఎంచుకోమని రంగుల పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. తెలుపు పేజీ ముందుగా తెరుచుకుంటే వద్దని తిప్పేశాడు. "జిందగంత గదే సూసిన" అన్నాడు. కందిపువ్వు పసుపు మీద వేలు పెట్టాడు. మా ఆయనకు అది మరీ గాఢంగా అనిపించింది గానీ డబ్బాలు మోసుకొచ్చింది ఆయనే. ఆ గదిలో ఒక్క కోటుతో సరిపెట్టాలని మునుపు కాగితం మీద రాసింది నేనే. మేస్త్రీతో చెప్పి మూడు కోట్లు వేయించాను.

వాసన పోయాక మంచం ఆ గదిలో వేశాం. మొదటి రెండు రోజులు దాన్ని గడప దగ్గరికి జరుపుకున్నాడు. నేను పొద్దునే మళ్లీ కిటికీ కిందికి తోసేదాన్ని. మూడో రోజు నుంచి జరపలేదు.

క్రిస్మస్ అయిపోయింది. ఒక పొద్దున చూస్తే సంచి మళ్లీ మెట్టు మీదికి వచ్చింది. పనయిపోయింది కదా మరి. ఉండు బాపూ అని అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. కాబట్టి నేను కోపం తెచ్చుకున్నాను.

"బయటి పని దగ్గరుండి ఎవలు సూస్తరు? సగం పనిల పోతవా?"

ఆయన సంచి వైపు, గోడ వైపు చూశాడు. వెనక రెండు దిక్కులా తెలుపు, ముందు రెండు దిక్కులా సిమెంటు. "బయటకు పైసలెప్పుడైతయి?" అన్నాడు.

"తెల్వది. జమ చెయ్యాలె."

"గట్లనా" అన్నాడు. "నేను దగ్గర లేకపోతే మేస్త్రీ ఒక్క కోటు కొట్టి పోతడు. జమయ్యేదాక ఉంట మరి. పనయినంక పోత."

అది జరిగి చాలా ఏళ్లయింది. బయట ఇప్పటికీ అట్లాగే ఉంది. ఆ రెండు గోడల సున్నం వానలకు చారలు దిగింది గానీ పొక్కలేదు. ముందు గోడలకు పాచి పట్టింది. ఆ టీచరమ్మ అడగడం మానేసింది, మాకు చేతకాదని తీర్మానించుకుని ఉంటుంది. పోనీ. నాకు ఒళ్లు మండటం కూడా మానేసింది.

పోయిన నెల నా జీతం బకాయిలు వచ్చాయి. బ్యాంకుకు బాపును కూడా తీసుకుపోయాను, కాస్త తిరిగినట్టు ఉంటుందని. కౌంటరు దగ్గర నా పక్కనే నిలబడి, అంకెలు గుర్తుపట్టగలడు కనుక, పాసుబుక్కులో పడ్డ లక్షా ఇరవై వేలను కళ్లు చికిలించి చూశాడు.

నిన్న మేస్త్రీ వచ్చాడు. మా గల్లీలో ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడట. గేటు పట్టుకుని నిలబడి మా ముందు గోడను చూసి, "మేడం, మరీ నల్లబడుతున్నది. ఈసారన్న బయట కొడదామా? మీకు రేటు తక్కువే చేస్త" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వెనక గదిలోంచి, మంచం మీద నుంచే, బాపు గొంతు వినబడింది.

"పైసలింక జమ కాలే మేస్త్రీ! వచ్చే యేడు సూద్దాం."

మేస్త్రీ నా వైపు చూశాడు.

"అవును" అన్నాను. "ఇంకా జమ కాలేదు."